పోయొస్తానని చెప్పని మనిషి

మా ఆయన ఏ ఇంటి గడప దాటేటప్పుడూ "పోయొస్తా" అన్న పాపాన పోలేదు.

ప్రొద్దుటూరులో ఆయన పేరు శేషాచలం అని తెలిసినవాళ్ళు తక్కువ. "పదోరోజు సామి ఇల్లు యాడ?" అని అడిగితే మాత్రం ఎవరైనా చూపిస్తారు. చావు జరిగిన ఇళ్ళలో కర్మ చేయించే పురోహితుడు ఆయన. అట్లాంటి ఇంటికి వెళ్ళినవాడు మళ్ళీ వస్తానని చెప్పకూడదు. ఇంటివాళ్ళు మళ్ళీ రమ్మని అనకూడదు. సంచి భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా నడిచిపోవడమే. ఆ అలవాటు ఆయనకు ఎంతగా ఇంకిపోయిందంటే, పాలకు వెళ్ళినా, పంచాంగం కొనడానికి వెళ్ళినా మా ఇంటి గడప కూడా అట్లాగే దాటేవాడు. పెళ్ళయిన కొత్తలో దానికి ఏడ్చాను. తర్వాత ఆయన వీధి మలుపు తిరిగేలోపు వంటింట్లోంచి "పోయి రాండి" అని నేనే గొణుక్కోవడం నేర్చుకున్నాను. ఆయనకు వినపడకపోయినా దేవుడికి వినపడితే చాలనుకున్నాను.

ఆ ఎండాకాలం ఆయనకు యాభై ఆరు, నాకు యాభై రెండు. ఆ వయసులో మొగుడూ పెళ్ళాలు కాశీకి పోదామా, రామేశ్వరం పోదామా అని మాట్లాడుకుంటారు. మేం న్యూజిలాండ్‌కు పోదామా అని మాట్లాడుకున్నాం.

ఆ మాట తెచ్చింది మా అమ్మాయి సింధూ. పులివెందులలో కాపురం, అల్లుడు కోర్టులో గుమాస్తా. వైశాఖమాసపు ఎండ ముదరకముందే మొదటి బస్సుకు దిగింది. వస్తూనే "అమ్మా, నాన్న యాడ?" అంది.

"యాడుంటాడు, పెన్నలో."

"ఎవరు?"

"బంగారంగళ్ళ వీధి పెద్దాయన. పదోరోజు."

మా ఇంట్లో ఇది కాఫీ తాగినావా అన్నంత మామూలు మాట.

ఎండాకాలం పెన్నలో నీళ్ళెక్కడివి? ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళు చెంబుతో ముంచి తర్పణాలు విడిపించాలి. ఆయన వచ్చేటప్పటికి పంచె అంచుకంతా తడి ఇసుక, మొహం కమిలిపోయి ఉంది. పెరటి దోవన వచ్చి కుళాయి కింద తల తడుపుకునేదాకా ఎవరితోనూ మాట్లాడడు. సింధూ వెనకవాకిట్లోనే నిలబడి చెప్పేసింది.

"నాన్నా, న్యూజిలాండ్‌లో తెలుగోళ్ళు గుడి కట్టుకున్నారంట. సామి కావల్లంట. వయసు ఎక్కువైనా పరవాలేదన్నారు. అమ్మనూ తీసకపోవచ్చు. ఇల్లు వాళ్ళే ఇస్తారు."

ఆయన తువ్వాలుతో తల తుడుచుకుంటూనే "ఏమేం చెయ్యల్లంట?" అన్నాడు.

"పూజలు, వ్రతాలు, గృహప్రవేశాలు. పెండ్లిండ్లు."

తువ్వాలు ఆగిపోయింది. "పెండ్లిండ్లా?" అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఈయన పోతాడని నాకు తెలిసిపోయింది.

పెళ్ళి మంత్రాలు ఆయనకు వాళ్ళ నాయన నేర్పించాడు. మా పెళ్ళయిన ఏడాదే ఊళ్ళో కర్మలు చేయించే ముసలాయన పోతే, ఎవరో ఒకరు చెయ్యాలి కదా అని ఈయన ఒక్కసారి వెళ్ళాడు. ఆ ఒక్కసారితో సరి. చావింట్లో మంత్రం చెప్పిన నోటితో పెళ్ళిలో చెప్పించుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది? పొద్దున్నే ఈయన ఎదురైతే వెనక్కి తిరిగి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. మా సింధూ పెళ్ళికి జమ్మలమడుగు నుంచి పురోహితుణ్ణి పిలిపించాం. ఆయన మా ఇంట్లో చేయి కడగలేదు, హోటల్లో తిన్నాడు. కన్యాదానం పీట మీద కూర్చున్న మా ఆయన పెదవులు ప్రతి మంత్రానికీ కదలడం నేను పక్కనుంచి చూశాను. గొంతు మాత్రం బయటికి రానివ్వలేదు. ఆ మంత్రాలు ఆయన గట్టిగా చదివేది ఒక్క స్నానం చేసేటప్పుడే, చెంబుతో నీళ్ళు పోసుకునే చప్పుడులో.

ఆరోజు అన్నాలప్పుడు "ఆడ నేనెవరో ఎవురికీ తెలీదు గదమ్మా" అన్నాడు సింధూతో.

"తెలీదు నాన్నా. నువ్వు మాత్రం ఆ పనుల మాట ఎత్తొద్దు."

నాకు పోవాలనీ లేదు, ఉండాలనీ లేదు. కూర్చున్న చోటే ఇంకాసేపు కూర్చోనిస్తే చాలన్నంత అలసట నాది. పక్కింటి ఖదీజాకు చెప్పాను. బట్టలు కుడుతుంది. తనూ నలభై దాటాకే కువైట్ వెళ్ళి, మంచాన పడిన ఎవరి తల్లినో సాకి, మోకాళ్ళు అరిగాక తిరిగొచ్చింది.

"భయమేస్తాండాది ఖదీజా" అన్నాను.

"ఎందుకెయ్యదక్కా? ఈ వయసులో చెట్టును పెరికి ఇంగో చోట నాటితే ఊరికే బతుకుతాదా?" సూదిలో దారం ఎక్కిస్తూ అంది. "నేను చెప్పేది ఇను. మొదటి నెల ఏడుపొస్తాది. స్నానాలగదిలోకి పోయి ఏడువు. పొయ్యి కాడ మాత్రం ఏడవొద్దు, చెయ్యి కాల్తాది." అని నా జాకెట్లకు మోచేతులు దాటేలా పొడుగు చేతులు కుట్టడానికి కొలతలు తీసుకుంది.

గుడివాళ్ళు ఫోన్లోనే చూసి మాట్లాడతామన్నారు. మనకు పొద్దున, వాళ్ళకు మధ్యాహ్నం. సింధూ ఎర్రంచు పట్టుపంచె కొనుక్కొచ్చింది. అది కట్టుకుని, విభూతి పెట్టుకుని, చాప మీద కూర్చుంటే నాకే కొత్తగా ఉన్నాడు. పెళ్ళి పందిట్లో పురోహితుడంటే ఇట్లా ఉంటాడు. పాత పంచాంగాలు దొంతరగా పేర్చి, దానికి ఫోన్ ఆనించి, సింధూ వాళ్ళ నెంబరు నొక్కి పక్కకు తప్పుకుంది. నేను ఫోన్ వెనకాల, గోడకు ఆనుకుని నిలబడ్డాను.

అవతలివాళ్ళు ఎత్తేలోపు తెర నిండా ఆయన బొమ్మే. ఆయన తనను తాను అట్లా చూసుకోవడం అదే మొదలు. బతుకంతా ఎదురుగా కూర్చున్న కర్త భుజం చూసి, "జంధ్యం ఆ పక్క కాదు నాయనా, ఈ పక్క" అని దిద్దిన కళ్ళు కదా. తెరలో బొమ్మ అద్దంలో మాదిరి పడుతుందని ఆయనకేం తెలుసు? ఎదురుగా ఉన్న మనిషి జంధ్యం కుడిభుజం మీద ఉన్నట్టు ఆయనకు అనిపించింది. అంతే, చేయి దానంతటదే లేచి, ఎడమ భుజం మీద సక్రమంగా ఉన్న జంధ్యాన్ని తీసి కుడిభుజం మీదికి మార్చేసింది.

శుభకార్యానికి జంధ్యం ఎడమ భుజం మీద ఉండాలి. కుడిభుజం మీదికి మార్చేది పితృకార్యానికే. పిండాలు పెట్టేటప్పుడు.

చెప్దామంటే అప్పటికే అవతల ఇద్దరు మనుషులు కనపడ్డారు. ఒకాయన కమిటీ అధ్యక్షుడు, కోస్తా మాట. పక్కన నలభై ఏళ్ళ మనిషి, సాయికిరణ్ అని చెప్పుకున్నాడు, జమ్మలమడుగు వాళ్ళట. నేను వెనకనుంచి నా ఎడమ భుజం మీద తట్టుకుంటూ సైగలు చేశాను. మా ఆయన నా వైపు ఒక్కసారి చూసి, కొంగు సర్దుకుంటున్నానని కాబోలు, చూపు తిప్పుకున్నాడు.

"ఏదైనా పెళ్ళి మంత్రం వినిపించండి" అన్నాడు అధ్యక్షుడు.

వినిపించాడు. మాంగల్యధారణ దగ్గర ఎత్తుకుని, తలంబ్రాల దాకా. నీళ్ళ చప్పుడు లేకుండా ఆ గొంతు నేను వినడం కూడా అదే మొదలు. నేను భుజం సంగతే మరిచిపోయాను. సింధూ కళ్ళు తుడుచుకుంటోంది. చెప్పడం అయ్యాక ఆయన మొహంలో ఉన్న వెలుగు మా పెళ్ళినాడు కూడా చూడలేదు, ఒట్టు.

అవతల ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మంత్రం చాలా బాగుందండీ" అన్నాడు అధ్యక్షుడు. "కానీ జంధ్యం..."

మా ఆయన తల వంచి చూసుకున్నాడు. చేయి పైకి లేచింది కానీ మార్చుకోలేదు. అట్లాగే గుండె మీద ఆగింది.

"మీరు ఎక్కువగా ఆ కార్యాలు చేయిస్తారాండీ?"

సింధూ కాదని చెప్పమని చేతులూ తలా ఊపింది. ఆయన దాని వైపు చూడలేదు.

"ఎక్కువగా కాదు సార్. అవే చేయిస్తాను" అన్నాడు.

ఆలోచించి చెప్తామని పెట్టేశారు. సింధూకు కోపం, ఏడుపు కలిసొచ్చాయి. "ఆ మాటొక్కటీ చెప్పకుంటే ఏం పోయేది నాన్నా?" అని అరిచి, మధ్యాహ్నం బస్సుకే పులివెందుల వెళ్ళిపోయింది. ఆయన పట్టుపంచె విప్పి, మడతలు తానే పెట్టి బీరువాలో దాచాడు.

"అద్దంలో మాదిరి కనపడింది మీకు. దానికి మీరేం చేస్తారు?" అన్నాను.

"నోటికి అబద్ధం నేర్పినాం గానీ చేతికి నేర్పలేకపోతిమే" అని, సంచిలో నువ్వులు పోసుకుని పెన్నకు బయల్దేరాడు. గడప దగ్గర ఏమీ అనలేదు. నేను కూడా ఆ పూట గొణగలేదు, ఓపిక లేక.

ఆ సంగతి అంతటితో అయిపోయిందనే అనుకున్నాం. జ్యేష్ఠంలో ఒకరోజు మధ్యాహ్నం ఆయన చాప మీద నడుం వాల్చి ఉంటే ఫోన్ మోగింది. సాయికిరణ్. ఈసారి ఒక్కడే. పక్కన ఎవరూ లేనందుకేమో, మాట అచ్చం జమ్మలమడుగు యాసలోకి దిగిపోయింది.

"సామీ, బాగుండారా? ఒకటి అడగల్ల. పోయినేడాది మా నాయన ఈడనే పోయినాడు. నా దగ్గరే ఉండె. కర్మ చేయించేవాళ్ళు ఎవురూ దొరకలే. ఫోన్లో ఎవురో సామి వీడియో చూసుకుంటా చేసినా. జంధ్యం ఏ పక్కకి మార్చల్లో తెలీలే సామీ. తెరలో ఆయప్ప ఎట్లేసుకుంటే నేనట్ల ఏసుకున్యా. మొన్న మీ జంధ్యం చూసినాక నిద్ర పట్టలే. అద్దం మాదిరి తిరగబడిందేమో? నేను మా నాయనకు చేసిందంతా తప్పు పక్కన చేసినానేమో?"

ఫోన్ స్పీకర్లో ఉంది. ఆ మనిషి ఏడుస్తున్నాడని నాకూ తెలుస్తోంది. మా ఆయన లేచి కూర్చున్నాడు.

"కుడో ఎడమో, ఏడుస్తా చేసినావు గదా నాయనా. చేరింటాదిలే" అన్నాడు. "మీ నాయన జంధ్యం చూసుకొని అన్నం తింటాడా? పెట్టింది నువ్వా కాదా అని చూసుకుంటాడు."

అవతల చాలాసేపు ముక్కు చీదుకోవడమే వినపడింది. తర్వాత అసలు సంగతి చెప్పాడు. పెళ్ళిళ్ళకూ, గుడికీ ఇద్దరు కుర్రవాళ్ళను తీసుకున్నారట. అక్కడ తల్లిదండ్రులను పిలిపించుకున్న వాళ్ళు చాలామంది, వాళ్ళంతా ముసలివాళ్ళవుతున్నారట. ఈ కార్యాలకు ఎవరూ లేరట.

"కమిటీలో ఒప్పిచ్చినా సామీ. మీరొస్తే శానామందికి మేలు. కాకుంటే... గర్భగుడిలోకి మాత్రం..."

"తెలుసులే నాయనా" అన్నాడు మా ఆయన.

ఫోన్ పెట్టేయగానే నాకు ఒళ్ళు మండిపోయింది. "అంత దూరం పోయి మళ్ళా అదే పనా? ఈడున్న చావులు చాలవా మీకు? సముద్రాలు దాటి పోయి గుడి బయట నిలబడేదానికా? పెండ్లి చేయిస్తారని గదా పోదామనుకున్యాం!"

ఆయన పెరట్లోకి పోయి కుళాయి తిప్పి, కాళ్ళు తడుపుకుని వచ్చాడు. తువ్వాలు దండెం మీద ఆరవేస్తూ, నా వైపు తిరగకుండానే చెప్పాడు.

"నా జంధ్యం చూసినప్పటి నించి ఆ పిల్లోడు భుజం తడుముకుంటా బతుకుతాండాడే."

ఈ మనిషితో ఇదే చిక్కు. కోపం తెచ్చుకుందామంటే పట్టు దొరకదు.

"నువ్వు వద్దంటే పోంలే" అన్నాడు మళ్ళీ తానే.

పొయ్యి మీద పప్పు అడుగంటుతోంది. దించి కింద పెట్టాను. వద్దనాలనే ఉంది. అన్నం వార్చి, కంచాలు పెట్టి, ఆయన మొదటి ముద్ద కలిపేదాకా ఆగి, "ఆడ చలి శానా ఉంటాదంట. కంబళ్ళు కొనల్ల" అన్నాను.

ఆయన తల ఊపి తిన్నాడు.

కాగితాల పనులన్నీ సింధూ చూసింది. దువ్వూరు నుంచి ఒకాయన వచ్చి ఈయన కర్మలు చేయించే ఇళ్ళకు తాను వస్తానని ఒప్పుకున్నాడు. శ్రావణంలో బయల్దేరాం. ఆయన రెండు చొక్కాలు, పట్టుపంచె, పెన్న ఒడ్డున కోసి ఎండబెట్టిన దర్భల కట్ట సర్దుకున్నాడు. పట్టుపంచె ఎందుకని నేను అడగలేదు. పెట్టె అడుగున పెట్టి, పైన కంబళి కప్పాను.

ఆటో వచ్చి వాకిట్లో ఆగినా వీధిలో తలుపులు తెరుచుకోలేదు. ముప్పై ఏళ్ళు వీళ్ళ ఇళ్ళలో పెద్దలందరినీ ఈయనే కదా సాగనంపింది! ఆ మంట నాకు ఇప్పటికీ ఆరలేదు. వచ్చింది ఖదీజా ఒక్కతే, పొడుగు చేతుల జాకెట్లు సంచిలో పెట్టుకుని.

ఆయన మామూలుగానే సంచి భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా గడప దాటాడు.

"ఏంది సామీ, అట్లనే పోతాండావు? ఈడెవురూ సావలేదు. పోయొస్తా అని చెప్పు" అంది ఖదీజా.

ఆయన ఆగాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. చేయి పైకెత్తి ఊపి, ఆటోలో కూర్చున్నాడు.

"పోయొస్తాం ఖదీజా" అని నేనే ఇద్దరికీ కలిపి చెప్పాను. దాని భుజం మీద తల పెట్టి ఏడ్చాను. స్నానాలగది దాకా ఆగలేకపోయాను.

న్యూజిలాండ్ విమానాశ్రయంలో దిగగానే దర్భల కట్ట తీసుకుని చెత్తతొట్టిలో పడేశారు. ఎండుగడ్డి లోపలికి రానివ్వరట. ఈయన ఆ తొట్టి వైపే చూస్తూ నిలబడిపోతే, చేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. మనకు శ్రావణమాసం, వాళ్ళకు చలికాలం. మాకు ఇచ్చిన ఇల్లు చెక్క ఇల్లు. ఖదీజా చెప్పినట్టే మొదటి నెల స్నానాలగదిలోనే ఏడ్చుకున్నాను. ఈయన మాత్రం ఒక సంగతి పట్టుకుని కూర్చున్నాడు. కర్మ మొదలుపెట్టే ముందు సంకల్పంలో ఉన్నచోటు చెప్పాలి కదా, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో. ప్రొద్దుటూరులో దక్షిణం అనేవాడు. ఇది ఏ దిక్కు అని సాయికిరణ్‌ను అడిగి, గోడకు పెద్ద ప్రపంచపటం పెట్టించుకుని, శ్రీశైలం ఎక్కడుంటుందో అక్కడ వేలు పెట్టి, సముద్రాల మీదుగా జరుపుకుంటూ వచ్చి, "ఆగ్నేయమే" అన్నాడు.

మొదటి పిలుపు ఒక పెద్దావిడ పదోరోజు. కొడుకు ఇంట్లోనే పోయిందట. బయట వాన. కారు పెట్టుకునే గదిలో చాపలు పరిచారు. వంటకు సాయంగా నేనూ వెళ్ళాను. దర్భలు లేవు. సాయికిరణ్ తన పెరట్లో మొలిచిన గడ్డి కడిగి తెచ్చాడు. ఈయన దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసి, "సరిపోతాదిలే" అని పవిత్రం ముడి వేశాడు. సంకల్పంలో శ్రీశైలానికి దక్షిణం అనబోయి, ఆగ్నేయం అని దిద్దుకున్నాడు. తర్వాత మామూలే. కర్త జంధ్యం ఎటు మార్చాలో తెలియక తికమకపడుతుంటే, లేచి వెళ్ళి పక్కన కూర్చుని, ఆ పిల్లవాడి చేయి పట్టుకుని మార్పించాడు. ప్రొద్దుటూరులో ఎప్పుడూ లేచేవాడు కాదు, కూర్చున్నచోటినుంచే గదమాయించేవాడు.

అంతా అయ్యాక సంచి భుజాన వేసుకుని, శాలువా కప్పుకుని, తల వంచుకుని బయటికి నడిచాడు. నేను వెనకాలే. మేం కారు ఎక్కుతుంటే ఆ ఇంటి కోడలు గొడుగు పట్టుకుని వానలో పరుగెత్తుకొచ్చింది. అక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు తడబడుతుంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"థాంక్యూ తాతగారూ. మా అత్తమ్మకి మీరు చాలా బాగా చేశారు. మళ్ళీ రండి" అంది.

సాయికిరణ్ కారు తలుపు పట్టుకుని ఉన్నాడు. "అయ్యో, అట్ల అనగూడదమ్మా..." అంటూ ముందుకొచ్చాడు. మా ఆయన చేయి అడ్డం పెట్టి ఆపాడు.

గొడుగు మీద వాన కొడుతోంది. ఆ పిల్ల తనేం తప్పు చేసిందో తెలియక మా ఇద్దరి మొహాలూ చూస్తోంది. ముప్పై ఏళ్ళలో ఏ ఇంటివాళ్ళూ ఈయనతో ఆ మాట అనలేదు.

"వస్తాం తల్లీ" అన్నాడు. గొంతు సవరించుకుని, "పోయొస్తాం" అన్నాడు.

కారు మలుపు తిరిగేదాకా ఆయన కిటికీలోంచి వెనక్కే చూశాడు. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా, "తప్పు గదే" అన్నాడు.

"తప్పే" అన్నాను. "ఏ పెండ్లికో పిలుస్తాదిలే."

ఆయన శాలువా కింద చేయి పెట్టి, జంధ్యం ఎడమ భుజం మీదే ఉందో లేదో తడుముకుని చూసుకున్నాడు.